అబ్బాయి ఇటాలియన్ హోటల్ పెడతానంటున్నాడు, సంతకం పెట్టమంటారా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నా వయసు 63. మాది తెనాలి. మా నాన్నగారు పదమూడో ఏట ఉడిపి వారి హోటల్లో గ్లాసులు కడగడానికి చేరారు. అక్కడే పిండి రుబ్బడం, సాంబారు కాయడం నేర్చుకుని 1968లో సొంతంగా టిఫిన్ హోటల్ పెట్టారు. నేను 1994లో అమెరికా వచ్చాను. తొమ్మిదేళ్లు ఒక పంజాబీ ఆయన రెస్టారెంట్‌లో తందూరు దగ్గర పనిచేసి, 2003లో న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర సొంతంగా రెస్టారెంట్ తెరిచాను. సోమవారం ఒక్కరోజే సెలవు. దేవుడి దయ వల్ల బాగానే నడుస్తోంది.

మా అబ్బాయికి 31. ఇంజనీరింగ్ చదివి, రెండేళ్లు ఉద్యోగం చేసి మానేశాడు. ఆరేళ్లుగా ఒక ఇటాలియన్ రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేస్తున్నాడు, ఇప్పుడు అక్కడ పెద్ద షెఫ్ తర్వాత వాడే. సొంతంగా ఇటాలియన్ రెస్టారెంట్ పెడతానని 48 సీట్ల చోటు చూశాడు. నెలకు 9,000 డాలర్ల అద్దె, పదేళ్ల లీజు. తను అద్దె కట్టలేకపోతే నేను కడతానని నన్ను పర్సనల్ గ్యారంటీ సంతకం పెట్టమంటున్నాడు, ఇంటి మీద లోను కూడా తీసుకుందామంటున్నాడు. "తాతగారి వంట మనకుండగా పరాయివాళ్ల వంట నీకెందుకురా" అన్నాను. "నాకు చేతనైంది అదే నాన్నా" అన్నాడు. మూడు నెలలుగా మాటల్లేవు. తెలుగువాడి చేతి పాస్తా తెల్లవాళ్లు తింటారా? ఇల్లు పోతే ఈ వయసులో ఎక్కడికి వెళ్లాలి? మా నాన్నగారి పేరు నాతోనే ఆగిపోతుందా? నెల్లూరు కుర్రాడొకడు పదకొండేళ్లుగా నా దగ్గర వంట చేస్తున్నాడు. వాడికున్న శ్రద్ధ నా కొడుక్కి లేకపోయిందే అని బాధగా ఉంది.

జవాబు: అన్నయ్యగారూ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అబ్బాయి మిమ్మల్ని రెండు అడుగుతున్నాడు. ఒకటి మీ ఒప్పుకోలు, రెండోది మీ సంతకం. ఈ రెండూ మీ మనసులో కలిసిపోయాయి. వంట నచ్చలేదు కాబట్టి సంతకం పెట్టనంటున్నారో, సంతకమంటే భయం కాబట్టి వంటను తప్పు పడుతున్నారో మీకే తేలడం లేదు. నన్నడిగితే మొదటిది ఇవాళే ఇచ్చేయండి. రెండోది ఇప్పుడున్న పద్ధతిలో ఇవ్వొద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు వంట సంగతి. "తాతగారి వంట" అన్నారు. మీ నాన్నగారు తెనాలిలో అమ్మింది ఆయన అమ్మగారి వంటేనా? ఆ తరంలో మన పల్లెటూరి ఇళ్లలో పొద్దున్నపూట చద్దన్నమే కదా. ఇడ్లీ, సాంబారు, మసాలా దోసె రోజూ దొరికే టిఫిన్లయ్యాయంటే అందులో దక్షిణ కన్నడ ప్రాంతం నుంచి వచ్చిన ఉడిపి వారి చెయ్యి చాలా ఉంది. మద్రాసులో, బెంగళూరులో, బొంబాయిలో, మన కోస్తా పట్టణాల్లో వాళ్లు హోటళ్లు పెట్టారు. మద్రాసులో 1938లో వుడ్‌లాండ్స్ మొదలుపెట్టిన కె. కృష్ణారావు గారు కూడా వంటింట్లో పని కుర్రాడిగా జీవితం మొదలుపెట్టినవారే. మీ నాన్నగారు గ్లాసులు కడుగుతూ ఆ విద్య పట్టుకున్నారు. ఇంట్లో పప్పుచారు తిని పెరిగిన మనిషి, ఊరికి సాంబారు పోశారు.

తర్వాత మీరు. తొమ్మిదేళ్లు పంజాబీ ఆయన తందూరు దగ్గర చేతులు కాల్చుకుని నేర్చుకున్నారు. ఇవాళ మీ మెనూలో బటర్ చికెన్, నాన్, మంచూరియా ఉండే ఉంటాయి, అవి లేకుండా అక్కడ బండి నడవదు. బటర్ చికెన్ దేశ విభజనప్పుడు పెషావర్ వైపు నుంచి ఢిల్లీకి వచ్చి మోతీ మహల్ అనే హోటల్ నడిపినవాళ్ల వంట. మంచూరియా మన దేశంలో స్థిరపడిన చైనా కుటుంబాలవారు పుట్టించింది. ఆ డబ్బుతోనే మీ అబ్బాయిని చదివించారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మీ ఇంట్లో ఈ విద్య ఎప్పుడూ తండ్రి వంటింట్లోంచి రాలేదన్న సంగతి మాత్రం చూడండి. మీ నాన్నగారికి ఉడిపి యజమాని నేర్పారు, మీకు పంజాబీ యజమాని నేర్పారు, మీ అబ్బాయికి ఇటాలియన్ కిచెన్ నేర్పింది. ఆరేళ్లు ఒకచోట నిలబడి, కింది మెట్టు నుంచి రెండో కుర్చీ దాకా వచ్చాడంటే, మీ నాన్నగారు చేసిందే వాడూ చేశాడు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట "నాకు చేతనైంది అదే నాన్నా". వంటవాడు చెప్పాల్సిన మాట అది.

పరాయివాళ్ల వంట అన్నారు కాబట్టి ఆ పరాయివాళ్ల కథ కూడా కొంచెం చెబుతాను. 1880 నుంచి 1924లో వలసలకు గట్టి పరిమితులు పెట్టేదాకా నలభై లక్షలకు పైగా ఇటాలియన్లు అమెరికా చేరారు. ఎక్కువమంది సిసిలీ, కలబ్రియా, నేపుల్స్ వైపు పేదవాళ్లు. ఊళ్లో ఉన్నప్పుడు మాంసం పండగనాడు చూస్తే చూసినట్టు. అమెరికాలో మాంసం చౌకగా దొరికేసరికి మాంసపు ఉండల సైజు పెరిగింది, అవి వెళ్లి స్పగెట్టి మీద కూర్చున్నాయి. ఇటలీలో ఆ రెండూ అలా ఒకే పళ్లెంలో కలిపి తినే అలవాటు పెద్దగా లేదు. అంటే న్యూజెర్సీ జనం ఇటాలియన్ అనుకుని ప్రేమగా తినే వంటల్లో సగం, వలస వచ్చినవాళ్లు అక్కడి సరుకుతో, అక్కడి ఆకలికి తగ్గట్టు చేసుకున్నవే. వాళ్ల దగ్గర వెల్లుల్లి వాసన వస్తుందని ఆ రోజుల్లో అమెరికన్లు ముక్కు మూసుకునేవారు. పోపు వాసన బయటికి పోతుందేమోనని అపార్ట్‌మెంట్ కిటికీలు మూసుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

మీకు దగ్గర్లోనే, కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో, ఫ్రాంక్ పెపె అనే ఆయన 1925లో పిజ్జా కొట్టు తెరిచారు. ఇటలీలో మయోరి అనే ఊరి నుంచి 1909లో వచ్చిన కుర్రాడు, రొట్టెల పనిలోంచి పిజ్జాలోకి వచ్చాడు. ఆయన మేనల్లుడు 1938లో అదే వీధిలో వేరే కొట్టు పెట్టుకున్నాడు. ఇవాళ్టికీ ఆ రెండు కొట్ల ముందూ క్యూలు ఉంటాయి. మామ దగ్గర మేనల్లుడు ఉండిపోలేదని ఆ కుటుంబం పేరేమీ చెడలేదు.

ఇంకొకరి గురించి చెప్పాలి. లిడియా బాస్టియానిచ్ గారు. టీవీలో ఇటాలియన్ వంటలు చేసి చూపిస్తారు, చూసే ఉంటారు. ఆవిడ 1947లో, ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న ఇస్ట్రియా ప్రాంతంలోని పూలాలో పుట్టారు. ఆ ప్రాంతం ఇటలీ చేతిలోంచి యుగోస్లావియాకు పోవడంతో, 1956లో కుటుంబం ఇటలీలోని ట్రియెస్టె వచ్చేసి శరణార్థుల శిబిరంలో తలదాచుకుంది. 1958లో న్యూయార్క్ చేరారు. 1971లో భర్తతో కలిసి క్వీన్స్‌లో బువొనావియా అనే రెస్టారెంట్ పెట్టారు. ముందు జనం అడిగే అమెరికన్ ఇటాలియన్ వంటకాలే పెట్టారు. పని బాగా తెలిసిన షెఫ్‌ను పెట్టుకుని, యజమానురాలై ఉండి కూడా ఆయన పక్కన సహాయకురాలిగా నిలబడి పని నేర్చుకున్నారు. తర్వాత మెల్లగా తన ఊరి వంటలు ఒక్కొక్కటీ చేర్చారు. పదేళ్లకు, 1981లో, మన్‌హట్టన్‌లో ఫెలీడియా తెరిచారు. ఆవిడ కొడుకు వాల్ స్ట్రీట్‌లో ఉద్యోగం చేసి, అది వదిలేసి ఈ వృత్తిలోకే వచ్చాడు. 1993లో తల్లీకొడుకులు కలిసి బెక్కో అనే రెస్టారెంట్ పెట్టారు. మంచి ఉద్యోగం వదిలి పొయ్యి దగ్గరకు వచ్చిన కొడుకులు వాళ్లలోనూ ఉన్నారని మీకు తెలియాలనే ఇది చెప్పాను.

తెలుగువాడి చేతి పాస్తా తింటారా అంటే, ఇప్పుడు తింటున్నది ఎవరి చేతి పాస్తానో ఒకసారి చూడండి. న్యూయార్క్ చుట్టుపక్కల ఇటాలియన్ రెస్టారెంట్లు, పిజ్జా కొట్లు చాలావాటికి యజమానులు అల్బేనియా మూలాలవాళ్లు. పొయ్యి దగ్గర నిలబడేది ఎక్కువగా మెక్సికో, ఈక్వడార్ల నుంచి వచ్చినవాళ్లు. అంతెందుకు, ఇటలీలోనే పో నది మైదానంలో పార్మిజియానో, గ్రానా పదానో చీజ్‌లకు పాలిచ్చే ఆవుల కొట్టాల్లో పంజాబీ సిక్కులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. బల్ల దగ్గర కూర్చున్న మనిషి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక వంటవాడి ఇంటిపేరు అడగడు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. "సరే పెట్టు, కానీ చికెన్ 65 పిజ్జా కూడా పెట్టు" అని షరతు పెట్టొద్దు. శాన్ ఫ్రాన్సిస్కోలో జాంటే అనే పిజ్జా కొట్టును 1986లో ఒక పంజాబీ ఆయన కొని, మన మసాలాలతో పిజ్జా చేసి పేరు తెచ్చుకున్నారు. అది ఆయనకు తోచిన దారి. మీ అబ్బాయికి ఏదో ఒకరోజు గోంగూర తగిలించాలనిపిస్తే తగిలిస్తాడు. ఆమాటకొస్తే గుంటూరు మిరప, కలబ్రియా మిరప రెండూ అమెరికా ఖండం నుంచి వెళ్లినవే, రెండుచోట్లా జనం వాటిని సొంతం చేసేసుకున్నారు. కానీ ఆ ఆలోచన వాడి చేతిలోంచి రావాలి. అలాగే వాడు కూడా లేని ఇటాలియన్ అమ్మమ్మను కల్పించుకోకూడదు. మెనూ మొదటి పేజీలో తెనాలి, ఉడిపి వారి హోటల్, ఎడిసన్ అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయమనండి. అంతకంటే మంచి కథ ఎక్కడా దొరకదు.

వాడి వంట మీరు ఇంతవరకు తిన్నారా అన్నయ్యగారూ? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు, నాకు అనుమానంగా ఉంది. తినండి, వంటవాడిగా పరీక్ష పెట్టండి. మీకు తెలియని విద్యేం కాదు. పాస్తా ఉడకడంలో వాళ్లు చూసేది మనం అన్నంలో చూసే పలుకే. పలుకు పోతే పనికిరాదు. ఉడికించిన నీళ్లు పారబోయరు, ఆ గంజినీళ్లే సాస్‌కు చిక్కదనం ఇస్తాయి. కాచో ఎ పెపె అనే పాస్తా చెయ్యమనండి. చీజ్, మిరియాలు, పాస్తా, ఆ గంజి, అంతే. గొర్రెపాల చీజ్ తురుమును వేడి ఎక్కువైనప్పుడు కలిపితే ముద్దలు కట్టి సాగిపోతుంది. మజ్జిగ పులుసులో మంట పెరిగితే ఏమవుతుందో మీకు చెప్పాలా! వాడు మూకుడు ఎప్పుడు దించుతున్నాడో, చెయ్యి ఎలా తిప్పుతున్నాడో చూడండి. తర్వాత కార్బొనారా అనే ఇంకో పాస్తా. గుడ్డు, చీజ్, పంది దవడ మాంసం, మిరియాలు. మీరు పంది మాంసం తినకపోతే తినొద్దు, చూడండి చాలు. గుడ్డు ఉడికి పొరటు అయిపోకుండా, క్రీమ్ సాయం లేకుండా, సాస్ నునుపుగా వచ్చిందంటే ఆ కిచెన్‌లో వాడు ఆరేళ్లు వృథా చెయ్యలేదు. రాకపోతే ఆ సంగతి మొహం మీదే చెప్పండి. అది చెప్పే హక్కు మీకుంది.

ఇక సంతకం. ఇక్కడ నేను పూర్తిగా మీ వైపే. మా మేనమామ బాపట్లలో మెస్ నడిపేవారు. అల్లుడి కొట్టు కోసం ప్రేమతో హామీ సంతకం పెట్టారు. కొట్టు ఏడాదిన్నరకే మూతపడింది. అప్పు ఎలాగో తీరింది గానీ, ఆయన పోయేదాకా ఆ ఇంటివాళ్లు మా మామయ్యతో మనస్ఫూర్తిగా మాట్లాడలేదు. అప్పు ఇచ్చినవాడికంటే హామీ ఉన్నవాడి పరిస్థితి ఎప్పుడూ కష్టం.

పదేళ్ల లీజుకు పూర్తి పర్సనల్ గ్యారంటీ అంటే, రెండో ఏడాది చివర షాపు మూసేసినా మిగిలిన ఎనిమిదేళ్ల అద్దె కోసం ఓనరు మీ మీదకు రావచ్చు. నెలకు 9,000 చొప్పున అది 8,64,000 డాలర్లు. కొత్త కిరాయిదారు దొరికితే తగ్గొచ్చు, కానీ కాగితం మీద మీరు ఒప్పుకునేది అంత. ఒహాయోలోని కొలంబస్‌లో రెస్టారెంట్ల మీద చేసిన ఒక అధ్యయనంలో, మొదటి ఏడాదిలోనే దాదాపు నాలుగో వంతు మూతపడటమో చేతులు మారడమో జరిగింది. మూడేళ్లలో అది దాదాపు 60 శాతం. కుటుంబంలో ఒత్తిళ్లు కూడా ఒక ముఖ్య కారణమని అందులో తేలింది. మాటల్లేని తండ్రీకొడుకులు కలిసి ఒకే లీజు కింద సంతకాలు పెట్టడం నాకు అందుకే భయం.

కాబట్టి ఓనరుతో బేరం ఆడమనండి. పదేళ్ల బదులు ఐదేళ్లు, తర్వాత ఐదేళ్లు పొడిగించుకునే హక్కు. గ్యారంటీ ఏడాది అద్దెకు మించకూడదు. న్యూయార్క్‌లో గుడ్ గై గ్యారంటీ అని ఒక పద్ధతి ఉంది. ముందుగా నోటీసు ఇచ్చి, అప్పటిదాకా బాకీ తీర్చి, షాపు శుభ్రంగా అప్పజెబితే హామీదారు బాధ్యత అక్కడితో ముగుస్తుంది. న్యూజెర్సీలోనూ అడిగి చూడొచ్చు. ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకు సాయపడే అమెరికా ప్రభుత్వ సంస్థ) లోను ఆలోచన ఉంటే ఒకటి గుర్తుంచుకోండి, వ్యాపారంలో 20 శాతం లేదా అంతకుమించి వాటా ఉన్న ప్రతి ఒక్కరూ పర్సనల్ గ్యారంటీ ఇవ్వాల్సిందే. "నాన్నకు సగం వాటా రాస్తాను" అని వాడు ప్రేమగా అన్నా తీసుకోవద్దు. ఇల్లు మాత్రం ముట్టుకోవద్దు. మీకు 63, మళ్లీ తందూరు దగ్గర నిలబడి ఆ ఇల్లు సంపాదించలేరు. పోయినా పరవాలేదని మీరూ మా వదినగారూ ఇద్దరూ అనుకోగలిగినంత డబ్బు ఉంటే, అది కాగితం రాసుకుని ఇవ్వండి, అక్కడితో ఆపండి.

ఈ లెక్క కూడా వాడి ముందు పెట్టండి. అద్దె అమ్మకాల్లో పదో వంతు దాటకూడదని మీ వృత్తిలో అందరూ అంటారు. ఏడాదికి 1,08,000 అద్దె అంటే 10,80,000 డాలర్ల అమ్మకం కావాలి. వారానికి దాదాపు 20,800. మనిషికి 45 డాలర్లు వేసుకున్నా వారానికి 460 మంది పైమాటే. ఐదు రోజులు తెరిస్తే రోజుకు 92 మంది, అంటే 48 సీట్లు రోజూ దాదాపు రెండుసార్లు నిండాలి. శుక్రవారం, శనివారం నిండుతాయి. మంగళవారం సంగతేమిటని అడగండి. పైగా న్యూజెర్సీలో మద్యం లైసెన్సులు జనాభాను బట్టి ఇస్తారు, మూడు వేల మందికి ఒకటి చొప్పున. అందుకే వాటి ధర చుక్కల్లో ఉంటుంది, చాలా చిన్న ఇటాలియన్ రెస్టారెంట్లలో కస్టమర్లే వైన్ సీసా వెంట తెచ్చుకుంటారు. వైన్ మీద వచ్చే లాభం లేకుండా ఈ లెక్క వేశాడా? ఆ షాపులో ఇంతకుముందు రెస్టారెంట్ ఉండేదా, పొగ గొట్టం, కాలవలోకి జిడ్డు పోకుండా ఆపే గ్రీజు ట్రాప్ ఉన్నాయా? ఇవి మీకు నిద్రలో కూడా తెలిసిన సంగతులు. మీ సంతకం కంటే ఈ ఇరవై మూడేళ్ల అనుభవమే వాడికి ఎక్కువ అవసరం, మాటలు లేకపోవడం వల్ల అదే అందడం లేదు.

నాకు తోచిన దారి ఇది. మీకు సోమవారం సెలవు. ఆ కిచెన్ వాడికివ్వండి, వరుసగా పన్నెండు సోమవారాలు. ఐదారు వంటకాల చిన్న మెనూ, ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకే భోజనం. వాడు పనిచేసే చోట యజమానికి చెప్పి ఒప్పించుకోవాలి, దొంగచాటుగా వద్దు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది రెండోసారి వచ్చారు, సరుకు ఎంత పోయింది, మనిషికి నిజంగా 45 పడుతోందా, అన్నీ తేలతాయి. ఈలోపు ఆ చోటు వేరేవాళ్లు తీసుకుంటే తీసుకోనివ్వండి. న్యూజెర్సీలో ఖాళీ షాపులకు కరువు లేదు.

చివరగా మీ నాన్నగారి పేరు. మీ ఉత్తరంలో అసలు బాధ ఇక్కడుందని నాకనిపించింది. మీ తర్వాత ఆ రెస్టారెంట్ ఎవరిదన్నది మీ అబ్బాయి వంటతో తేలే ప్రశ్న కాదు. వాడు ఇవాళ ఇటాలియన్ మానేసినా మీ పొయ్యి దగ్గరకు రాడు, బహుశా మళ్లీ ఇంజనీరు ఉద్యోగానికి పోతాడు. దీనికి జవాబు మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది, మీరు కొడుకును తక్కువ చేయడానికి రాసిన వాక్యంలో. ఆ నెల్లూరు కుర్రాడితో ఎప్పుడైనా ఈ విషయం మాట్లాడారా? ఐదేళ్లలో, పదేళ్లలో, జీతంలోంచి కొంచెం కొంచెంగా వాటా కొనుక్కునే ఏర్పాటు చెయ్యొచ్చు. మీ లాయరును, అకౌంటెంటును అడగండి. తెనాలి ఉడిపి హోటల్ యజమాని కూడా తన చేతి సాంబారు పరాయి కుర్రాడికే నేర్పారు కదా.

అబ్బాయితో మాట ఎలా కలపాలా అని టెన్షన్ పడుతున్నట్టున్నారు. పెద్ద మాటలేం వద్దు. రేపు పొద్దున్న ఒక మెసేజ్ పెట్టండి. "సోమవారం కిచెన్ ఖాళీ. వచ్చి వంట చెయ్యి, అమ్మా నేనూ తింటాం. గిన్నెలు నేను కడుగుతాను." ఆ రోజు నెల్లూరు కుర్రాణ్ణి కూడా భోజనానికి పిలవండి. లీజు ఊసు మాత్రం ఎత్తొద్దు, అది మంగళవారం మాట్లాడుకోవచ్చు.